ట్రెజర్ ఐలాండ్‌లో ఇల్లు తీసుకునే ముందు నేల చరిత్ర చూసుకోవడం ఎలా

శాన్‌ఫ్రాన్సిస్కోకీ ఓక్లాండ్‌కీ నడుమ, బే బ్రిడ్జి పక్కనే ఉన్న ట్రెజర్ ఐలాండ్‌లో కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఫెర్రీ ఎక్కితే డౌన్‌టౌన్ పది నిమిషాలు. బే ఏరియాలో ఉద్యోగాలు చేసే మనవాళ్లు అక్కడ అద్దెకో, కొనడానికో చూడడం సహజమే. కానీ అది సముద్రంలో పోసిన ఇసుక మీద యాభై ఏళ్లకు పైగా నౌకాదళ స్థావరం నడిచిన చోటు. అక్కడ ఉండొచ్చా అని మొత్తం ద్వీపం గురించి అడిగితే పనికొచ్చే జవాబు రాదు. మీరు చూస్తున్న బిల్డింగ్ కింద ఒకప్పుడు ఏముండేది, ఆ నేలకు తర్వాత ఏం చేశారు అని అడగాలి.

ముందు తెలుసుకోవాల్సిన చరిత్ర

1936–37లో ఆర్మీ ఇంజనీర్లు యెర్బా బ్యూనా ద్వీపానికి ఉత్తరాన ఉన్న ఇసుకమేట చుట్టూ రాతికట్ట వేసి, బే అడుగు నుంచి ఇసుక తోడిపోసి సుమారు 400 ఎకరాలు తయారుచేశారు. 1939–40లో అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఆ తర్వాత నగర విమానాశ్రయం చేద్దామనుకున్నారు. వంపు తిరిగిన బిల్డింగ్ 1 టెర్మినల్ కోసం, వెనకున్న 2, 3 నంబర్ల షెడ్లు హ్యాంగర్ల కోసం కట్టినవే. ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చి స్థలం నౌకాదళం చేతికి వెళ్లింది. 1993లో మూసివేతకు ఎంపికై, 1997 సెప్టెంబరు 30న స్థావరం మూతపడింది. గరిష్ఠంగా 8,000 ఇళ్లు కట్టే ప్రణాళికకు నగరం 2011లో ఆమోదం తెలిపింది. నౌకాదళం 2015 నుంచి భూమిని ముక్కలు ముక్కలుగా అప్పగిస్తూ వచ్చింది.

ముక్కలుగా అప్పగించడమే ఇక్కడ అసలు విషయం. ఏ ముక్క శుద్ధి ముందు పూర్తయితే అది ముందు చేతులు మారింది. రోడ్డుకు ఇటువైపు స్థలం పరిస్థితి, అటువైపు స్థలం పరిస్థితి ఒకటి కాకపోవచ్చు.

పార్సిల్ పాత వాడకం వెతకడం

అమ్మేవాళ్ల దగ్గర అసెసర్ పార్సిల్ నంబరు (పన్ను రికార్డుల్లో ఆ స్థలం ముక్కకున్న నంబరు) తీసుకోండి. రాష్ట్ర విషపదార్థాల నియంత్రణ శాఖ నడిపే ‘ఎన్విరోస్టార్’, నీటి బోర్డు నడిపే ‘జియోట్రాకర్’ వెబ్‌సైట్లు రెండూ ఉచితమే. వాటిలో ట్రెజర్ ఐలాండ్ నౌకాదళ స్థావరం అని వెతికితే మ్యాపులతో పాటు నివేదికలు వస్తాయి. నౌకాదళం కలుషిత స్థలాలకు ‘సైట్’ నంబర్లిచ్చింది. మీ పార్సిల్‌ను ఆ మ్యాపు మీద పెట్టి చూడండి. చాలామంది వీధి పేరుతో వెతికి, ఏమీ దొరక్క, సమస్య లేదనుకుంటారు. కొత్త వీధుల పేర్లు పాత నివేదికల్లో ఉండవు. పాత బిల్డింగ్ నంబరుతో, సైట్ నంబరుతో వెతకాలి.

ఒక్కో పాత వాడకం ఒక్కో రకం మిగులు వదిలింది. మంటలార్పే శిక్షణ జరిగిన చోట పెట్రోలియం, డయాక్సిన్లనే విషరసాయనాలు. సైట్ 24లో డ్రైక్లీనింగ్ ద్రావకాలు భూగర్భజలంలోకి దిగాయి. అలాంటి చోట ఆవిరి ఇంటి లోపలికి రాకుండా ఫ్లోర్ కింద అడ్డుపొర వేశారా అని అడగాలి. వాయవ్యంలోని సైట్ 12 విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పాత చెత్త పూడ్చిన నేల మీద 1960ల నుంచి సిబ్బందికి ఇళ్లు కట్టారు. తర్వాత మట్టిలో సీసం, పీసీబీలనే విషరసాయనాలతో పాటు రేడియోధార్మిక రేడియం-226 పూసిన చిన్న వస్తువులు బయటపడ్డాయి. రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. దాన్ని తవ్వి తీసేయడం తప్ప మార్గం లేదు. అద్దె తక్కువని ఈ పాత ఇళ్లకు వెళితే పెరట్లో తవ్వకండి, మడి కట్టి కూరగాయలు పెంచకండి. గోంగూర తినాలనుంటే కొన్న మట్టితో కుండీల్లోనే వేసుకోండి.

అడిగి తీసుకోవాల్సిన కాగితాలు

మొదటిది, ఆ ముక్కకు సంబంధించిన ‘ఫైండింగ్ ఆఫ్ సూటబిలిటీ టు ట్రాన్స్‌ఫర్’, అంటే బదిలీకి తగినదన్న నిర్ధారణ పత్రం. అప్పగించే నాటికి ఏం మిగిలి ఉందో, ఏ షరతులతో ఇచ్చారో అందులో ఉంటుంది. రెండోది, రిజిస్టరైన భూవినియోగ ఆంక్షల ఒప్పందం: తవ్వకం, బోరు, నేలంతస్తు నివాసం లాంటి వాటిపై నిషేధాలున్నాయేమో చూడండి. మూడోది, నౌకాదళం ఇచ్చిన మూల దస్తావేజు. అప్పగింత తర్వాత అదనపు శుద్ధి అవసరమని తేలితే అది ఫెడరల్ ప్రభుత్వమే చేస్తుందన్న హామీ చట్టప్రకారం అందులో ఉండాలి. ఆ వాక్యం వెతికి గుర్తుపెట్టుకోండి.

కొత్త కాండోలకు (సొంతానికి కొనే ఫ్లాట్లకు) రాష్ట్ర రియల్ ఎస్టేట్ శాఖ ఇచ్చే, కొనేవాళ్లకు ప్రాజెక్టు వివరాలు చెప్పే ఫైనల్ పబ్లిక్ రిపోర్ట్ కూడా ఉంటుంది. ముట్టినట్టు సంతకం అడుగుతారు. చదవకుండా సంతకం పెట్టడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

నేల గట్టిదనం

1989 అక్టోబరు 17న లోమా ప్రియెటా భూకంపం దాదాపు 60 మైళ్ల దూరంలో పుట్టింది. అయినా ట్రెజర్ ఐలాండ్‌లో ఇసుక ద్రవంలా మారి పైకి చిమ్మింది, అంచులు బే వైపు జరిగాయి. పక్కనే రాతిగుట్ట అయిన యెర్బా బ్యూనా మీదకన్నా ఇక్కడ కదలిక రెట్టింపుకు మించి నమోదైంది. కారణం స్పష్టం: పైన వదులైన తడి ఇసుక, దాని కింద మెత్తటి బంకమట్టి.

ఈ రెంటికీ వైద్యం వేరు. ఇసుకను కంపింపజేసి దట్టం చేస్తారు. బంకమట్టిలో నీరు పైకి పోయే నిలువు పట్టీలు దించి, పైన మట్టిగుట్టలు నెలల తరబడి ఉంచి నీటిని పిండుతారు. మొదటిది భూకంపానికి, రెండోది కుంగుబాటుకు. మీ బిల్డింగ్ స్థలంలో రెండూ జరిగాయా, పునాది ఏ రకం, ఇంకా ఎన్ని అంగుళాలు కుంగుతుందని అంచనా వేశారు అని రాతపూర్వకంగా అడగండి. బిల్డింగ్ నిలబడ్డా చుట్టూ ఉన్న నేల కుంగితే గ్యాస్, నీరు, మురుగు పైపులు గోడలోకి వచ్చే చోటే విరుగుతాయి. అక్కడ వంగే జాయింట్లు వేశారో లేదో తెలుసుకోండి. స్థలం చూడ్డానికి వెళ్లినప్పుడు మెట్టుకూ కాలిబాటకూ మధ్య కొత్త ఖాళీ, పగిలిన కెర్బ్, ద్వారం దగ్గర పోసిన తాజా తారు కనిపిస్తే ఫొటో తీసి కారణం అడగండి.

సాధారణ ఇంటి బీమా భూకంప నష్టం ఇవ్వదు. కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ పాలసీ విడిగా తీసుకోవాలి. కాండో అయితే ‘లాస్ అసెస్‌మెంట్’ కవరేజీ వదలొద్దు. ఉమ్మడి భాగాలు దెబ్బతింటే ఫ్లాట్ యజమానుల సంఘం మీ వాటా మీ దగ్గరే వసూలు చేస్తుంది.

నెలకు పడే ఖర్చు, రాకపోకలు

ఆస్తిపన్ను బిల్లులో మెల్లో-రూస్ ప్రత్యేక పన్ను వేరే వరుసలో వస్తుంది. రోడ్లు, నేల పటిష్ఠత లాంటి పనుల అప్పు తీర్చేది దాంతోనే. ఈ ఏడాది మొత్తం, ఏటా పెరిగే శాతం, ముగిసే సంవత్సరం మూడూ రాయించుకుని, సంఘం రుసుముతో కలిపి బ్యాంకు లెక్కలో పెట్టండి.

కారుకు బే బ్రిడ్జి తప్ప దారి లేదు. బస్సు 25వ నంబరు, ఫెర్రీ 2022 మార్చి నుంచి. ద్వీపవాసుల కార్లకు టోల్ పెట్టే ప్రతిపాదన ప్రస్తుత స్థితి ఏమిటో రవాణా సంస్థ దగ్గర కనుక్కోండి. ఆదివారం చూసొచ్చి నిర్ణయించుకోకండి. మంగళవారమో బుధవారమో ఉదయం ఎనిమిదికి అక్కడి నుంచి మీ ఆఫీసుకు, సాయంత్రం ఆఫీసు నుంచి అక్కడికి ఒకసారి కారులో, ఒకసారి ఫెర్రీలో వెళ్లి చూడండి. రాత్రి చివరి ఫెర్రీ ఎన్నింటికో కూడా రాసుకోండి.