ఐసు చేప వద్దనే ముందు

బేరం మొదలయ్యేదే "ఐసు చేప వద్దు, తాజాది ఇవ్వు" అన్న మాటతో. ఒడ్డుకు చేరాక నాలుగు గంటలు ఎండలో గంపలో ఉన్న కానాగంత కంటే, పట్టినప్పటి నుంచీ ఐసులో ఉన్న నిన్నటి కానాగంతే మేలు. కానాగంత, తూర, కవళ్లు వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. వేడికి బ్యాక్టీరియా పెరిగి దాన్ని అలర్జీ లాంటి బాధలు తెచ్చే హిస్టమిన్‌గా మార్చేస్తుంది. అది పులుసులో ఎంత మరిగినా, నూనెలో ఎంత వేగినా పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి, గుండెదడ మొదలవుతాయి. చేప పడలేదనుకుంటారు గానీ, తప్పు ఎండది కూడా కావచ్చు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో మార్కెట్లో కనిపించే వంజరం చాలావరకు పడమటి తీరానిదో, నిల్వ సరుకో. ఐసు తెగకుండా వచ్చినదైతే భయం లేదు.

కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా, తడిగా ఉండాలి. రంగు పూశారని అనుమానమొస్తే తెల్ల కాగితంతో తుడిచి చూడండి, పూసిన రంగైతే అంటుకుంటుంది. కన్ను ఉబ్బెత్తుగా, నల్లగా మెరవాలి. వేలితో నొక్కితే సొట్ట వెంటనే పూడాలి. పొట్ట పగిలిందంటే లోపల కుళ్లు మొదలైనట్టే, ఎంత చవకైనా వద్దు. ఈగలు వాలకపోతే ఫార్మాలిన్ (శవాలు చెడకుండా వాడే రసాయనం) కొట్టారనడం పొరపాటు: ఐసు మీద కూడా ఈగలు పెద్దగా వాలవు. కండ రబ్బరులా బిగుసుకుని, చేప వాసనే లేకపోతే అనుమానించాలి. ఖాయంగా తేలేది పరీక్షలోనే. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీనికోసం కాగితపు పట్టీల కిట్ తయారుచేసింది.

చేపను ఐసులో ఉంచాలంటే కిలో చేపకు కిలో ఐసు పొడి. అడుగున ఐసు, మధ్య చేప, పైన మళ్లీ ఐసు. కరిగిన నీళ్లు బయటికి పోయే దారి ఉండాలి, ఆ నీళ్లలో చేప నానితే త్వరగా పాడవుతుంది. మొప్పలు, పేగులు మార్కెట్లోనే తీయించండి, బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది అక్కడే. ఉప్పూ పసుపూ నీచు వాసన తగ్గిస్తాయి, అంతే. ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉంచొద్దు. గడ్డకట్టినదాన్ని గట్టు మీద కాకుండా ఫ్రిజ్ కింది అరలోనే కరగనివ్వండి. మిగిలిన పులుసు మర్నాటికి రుచే గానీ, వేసవిలో గంటలోపే ఫ్రిజ్‌లోకి చేరాలి.

చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందనడానికి ఆధారం లేదు. బొచ్చె, శీలావతి చేదు తిత్తి మింగితే షుగర్ తగ్గుతుందన్న నమ్మకం మాత్రం ప్రాణాంతకం: అందులోని విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ఉడికించినా పోదు. బాలింతకు పాలు పడాలని పాల సొర పెట్టే అలవాటు కోస్తాలో ఉంది. ఇతర చేపలను తిని బతికే పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చిన్నపిల్లలకు సొర బదులు నెత్తళ్లు, కవళ్లు పెట్టండి.

ఫ్యాక్టరీల నీళ్లు కలిసే చెరువు చేప గురించి జనం పడే భయం మాత్రం నిజమే. వండితే క్రిములు చస్తాయి, సీసం, కాడ్మియం లాంటి విష లోహాలు పోవు. అది ఏ చెరువుదో అమ్మేవాడు చెప్పలేకపోతే పక్క గంపకు వెళ్లండి.