పాత ఎలక్ట్రిక్ గిటార్‌లో నట్ దగ్గర తీగ పట్టేస్తుంటే

తీగను బిగించే ట్యూనర్ మరను నెమ్మదిగా తిప్పుతున్నా శ్రుతి కదలదు. ఇంకొంచెం తిప్పగానే ‘టిక్’మని చిన్న శబ్దం చేసి, కావలసిన చోటు దాటి పైకి గెంతుతుంది. మూడో తీగను బెండ్ చేసి (వేలితో పక్కకు లాగి) వదిలితే శ్రుతి దిగిపోయి ఉంటుంది. స్ట్రాటోకాస్టర్ వంటి గిటార్‌లో ట్రెమలో బార్‌ను (తీగలన్నిటినీ ఒకేసారి వదులు చేసే కడ్డీని) కిందికి నొక్కి వదిలితే మాత్రం శ్రుతి పెరిగి ఉంటుంది. ఈ రెండూ ఒకే దోషానికి రెండు ముఖాలు: బెండ్ చేసినప్పుడు ఫ్రెట్ల (మెడ మీది లోహపు గీతల) వైపు జారిన తీగను, బార్ నొక్కినప్పుడు ట్యూనర్ల వైపు జారిన తీగను నట్‌లోని (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీలోని) గాడి పట్టుకుని వెనక్కి రానివ్వడం లేదు.

నిర్ధారణకు పనిముట్టు అక్కర్లేదు. బెండ్ తరువాత శ్రుతి దిగినప్పుడు, నట్‌కూ ట్యూనర్‌కూ మధ్యనున్న తీగను వేలితో ఒకసారి నొక్కి వదలండి. శ్రుతి తిరిగి వస్తే దోషం దాదాపుగా నట్‌దే. ట్యూనర్ కడ్డీ మీద చుట్లు జారిపోతుంటే అలా రాదు. నేనూ మొదట ట్యూనర్లనే అనుమానించి ఆరింటినీ మార్చాను, ‘టిక్’ శబ్దం మాత్రం అలాగే ఉండిపోయింది.

లెస్ పాల్ తరహా గిటార్లలో ఈ బాధ ఎక్కువగా కనిపించడానికి నిర్మాణమే కారణం. హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే తల భాగం) సాధారణంగా 17 డిగ్రీల మేర వెనక్కి వాలి ఉండడం వల్ల తీగ గాడి అడుగును గట్టిగా ఒత్తుతుంది. ట్యూనర్లు అటు మూడు, ఇటు మూడు ఉండడం వల్ల నడిమి రెండు తీగలు నట్ దాటగానే పక్కకు వంగి గాడి గోడను రాసుకుంటాయి. దీనికి తోడు, 0.009 అంగుళాల సెట్‌కు (మొదటి తీగ మందాన్ని బట్టి పిలిచే పేరు) కోసిన నట్ మీద 0.011 సెట్ ఎక్కించారనుకోండి: మూడో తీగ 0.016 నుంచి 0.018కి, నాలుగోది 0.024 నుంచి 0.028కి లావవుతాయి. గాడి మాత్రం పాతదే. ఏళ్ల తరబడి పేరుకున్న మురికి మిగతా పని చేస్తుంది.

ముందుగా తీగను వదులు చేసి పక్కకు తప్పించి, గాడిని పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, సన్నగా చెక్కిన 2బి పెన్సిల్ మొనను గాడిలో నాలుగైదుసార్లు రుద్దండి. చాలాసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది.

అయినా పట్టేస్తుంటే గాడిని వెడల్పు చేయాలి, లోతు కాదు. తీగ కన్నా 0.002 అంగుళం ఎక్కువ మందం గల నట్ ఆకురాయిని తీసుకుని, దాన్ని హెడ్‌స్టాక్ వైపు కొంచెం వాల్చి, గోడల మీద మాత్రమే ఆనేలా తేలికగా నడపండి. నడిమి తీగల గాళ్ల వెనుక భాగాన్ని ట్యూనర్ ఉన్న దిక్కుకు కాస్త తిప్పి సాఫు చేయండి. మొదటి ఫ్రెట్ వైపునున్న అంచే గాడిలో అన్నిటికన్నా ఎత్తుగా ఉండాలి. అది అరిగితే తీగ జుమ్మంటుంది. తంబురాలో నూలుపోగు పెట్టి మరీ రాబట్టుకునే ఆ నాదం ఇక్కడ దోషం. చుట్టు తీగల (పైన సన్నని తీగ చుట్టిన లావు తీగల) గాళ్లకైతే అదే మందం గల పాత తీగ ముక్కను రంపంలా ముందుకూ వెనక్కూ లాగితే నునుపు వస్తుంది.

నాలుగైదు రాపిళ్లకొకసారి ఆగి, తీగను శ్రుతి చేసి, రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కిపట్టి మొదటి ఫ్రెట్ మీద తీగను వేలితో తట్టి చూడండి. అక్కడ వెంట్రుక మందం సందు కనిపించి, తట్టినప్పుడు సన్నగా ‘టక్’మనాలి. తీగ అప్పటికే ఫ్రెట్‌ను తాకి ఉంటే గాడి లోతైపోయినట్టే. బేకింగ్ సోడా నింపి ఒక చుక్క ఇన్‌స్టంట్ జిగురు వేసి మళ్లీ కోయవచ్చు గానీ, అది తాత్కాలికం. కొత్త ఎముక నట్ వేయించుకోవడమే మేలు.

పాత గిటార్ మీద నైట్రోసెల్యులోజ్ లక్క పూత ఉంటే మాస్కింగ్ టేప్ అంటించకండి, తీసేటప్పుడు లక్క పెచ్చుగా ఊడి రావచ్చు. ఇన్‌స్టంట్ జిగురు చుక్క పడినా మచ్చ మిగులుతుంది. నట్‌ను ఊడదీయవలసి వస్తే, దాని అంచుల వెంబడి లక్కను ముందుగా పదునైన బ్లేడుతో గీసి, ఆ తరువాతే చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టాలి. తీసిన నట్‌ను పారేయకుండా కవరులో పెట్టి గిటార్ పెట్టెలోనే ఉంచండి. ఎప్పుడైనా అమ్మదలిస్తే, అసలు నట్ ఏదని కొనేవారు తప్పకుండా అడుగుతారు.