హైదరాబాద్ శివార్లలో ప్రశాంతమైన చోట ఇల్లు కొనడం ఎలా? ముందు అద్దెకుండి చూడండి

ఆదివారం మధ్యాహ్నం చూస్తే హైదరాబాద్ శివార్లలో ప్రతి కాలనీ ప్రశాంతంగానే కనిపిస్తుంది. ఇల్లు చూడటానికి మనం వెళ్లేది కూడా ఎక్కువగా ఆ టైముకే. సోమవారం ఉదయం ఎనిమిదికి మెయిన్ రోడ్డు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో, శనివారం రాత్రి పక్క వీధి ఫంక్షన్ హాల్ నుంచి డీజే ఎంత గట్టిగా వినిపిస్తుందో, మే నెలలో నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుందో ఆ అరగంటలో తెలియదు. ఫ్లాట్ లోపల టైల్స్, కిచెన్ బాగా లేకపోతే మార్చుకోవచ్చు. కాంపౌండ్ గోడ బయట ఉన్నదాన్ని మార్చలేం. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి కావాల్సిన ప్రశాంతత అంతా ఆ గోడ బయటే ఉంటుంది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఏ ఏరియాలో కొనాలనుకుంటున్నారో అక్కడే ముందు అద్దెకు దిగండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడపండి. “అద్దె దండగ, అదే డబ్బు ఈఎంఐకి పోతే ఇల్లు మనదవుతుంది కదా” అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఇరవై ఏళ్లు కట్టే అప్పు ముందు ఒక ఏడాది అద్దె చిన్న ఖర్చు. పైగా అక్కడే ఉంటే, ఎవరు ఇల్లు అమ్ముతున్నారో ఏజెంట్ కంటే ముందే కిరాణా కొట్టులో మీకు తెలుస్తుంది.

ముందు ఏరియా

ఇంట్లో రోజూ బయటికి వెళ్లే ప్రతి ఒక్కరి దారినీ రాసుకోండి. ఆఫీసు గచ్చిబౌలిలో ఉండి, సైనిక్‌పురి బాగుందని అక్కడ ఇల్లు తీసుకుంటే ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి రోజూ తిరగాలి. తూర్పు వైపు ఉద్యోగం ఉన్నవాళ్లకు ఆ ప్రాంతం నిజంగా మంచిది. సైనిక్‌పురి మాజీ సైనికుల కాలనీగా మొదలైంది. ఏఎస్ రావు నగర్ ఈసీఐఎల్ అనే కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఉద్యోగుల కోసం వచ్చి, ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే పెట్టుకుంది. ఇలా ఉద్యోగుల కోసం లేఅవుట్ వేసి కట్టిన పాత కాలనీల్లో వీధులు తిన్నగా, చెట్లు పెద్దగా ఉంటాయి. వనస్థలిపురం కూడా అలాంటి నెమ్మదైన ప్రాంతమే. పడమర వైపు తెల్లాపూర్, నల్లగండ్ల, నిజాంపేట్, బాచుపల్లి ఐటీ ఉద్యోగులకు దగ్గర. అయితే అక్కడ కట్టడాలు ఇంకా జోరుగా సాగుతున్నాయి కాబట్టి దుమ్ము, లారీలు కొన్నేళ్లు తప్పవు.

మెట్రో మూడు లైన్లలో నడుస్తోంది: మియాపూర్–ఎల్బీ నగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్. “మెట్రోకి పది నిమిషాలు” అని ప్రకటనలో ఉంటే, ఉదయం తొమ్మిదికి బండి మీద వెళ్లి చూడండి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగు రోడ్డు) విషయమూ అంతే. రింగు రోడ్డు మీద బండి దూసుకెళ్తుంది, ఇంటి నుంచి ఆ ఎగ్జిట్ దాకా చేరడమే కష్టం. యాప్రాల్, సైనిక్‌పురి వైపు వెళ్లే కొన్ని దారులు కంటోన్మెంట్ గుండా పోతాయి. అక్కడ సైన్యం రోడ్లు మూసిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి రెండో దారి ఏదో ముందే చూసుకోండి.

చెవులతో, ముక్కుతో చూడాల్సినవి

నచ్చిన వీధికి వేర్వేరు టైముల్లో వెళ్లండి. తెల్లవారుజామున, స్కూలు వదిలే టైముకి, పెళ్లి ముహూర్తాలున్న రోజు రాత్రి పదకొండు తర్వాత. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 45 డెసిబుల్స్ దాటకూడదని నిబంధన ఉంది. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసి చూస్తే కచ్చితంగా కాకపోయినా అంచనా అందుతుంది. దగ్గర్లో ఫంక్షన్ హాల్, వైన్ షాపు, ఇంటర్ కాలేజీ హాస్టల్, చెత్త బండ్లు ఆగే చోటు ఉన్నాయేమో నడిచి చూడండి. కారులో తిరిగితే ఇవి కంటపడవు.

వాసన సంగతి చాలామంది మర్చిపోతారు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల దమ్మాయిగూడ, నాగారం వైపు గాలి వాటాన్ని బట్టి చెత్త వాసన వస్తుంది. జీడిమెట్ల, బొల్లారం పారిశ్రామికవాడలకు దగ్గరున్న కాలనీల వాళ్లు రాత్రిపూట వచ్చే రసాయనాల ఘాటు గురించి ఫిర్యాదు చేస్తుంటారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ ఒక్క కారణంతో ఏరియా మార్చుకోవడం సబబే.

నీళ్లు

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. నగరానికి మంజీరా నీళ్లే కాక కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వస్తున్నాయి. అయితే అవి మీ వీధిలోకి, మీ అపార్ట్‌మెంట్ సంపులోకి ఎంత వస్తున్నాయన్నది కాలనీ కాలనీకి మారుతుంది. బిల్డర్ “మంజీరా కనెక్షన్ ఉంది సార్” అంటాడు. కనెక్షన్ ఉండటం వేరు, సంపు నిండటం వేరు.

దీనికి అందరికంటే సరైన జవాబు వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. “అన్నా, ఎండాకాలం నీళ్లకు ఇబ్బందా?” అని అడగండి. “నల్లా రెండు రోజులకోసారి వస్తది సార్. బోరు మార్చి దాక పోస్తది. ఆనక పొద్దున ఒక ట్యాంకరు, మాపటికి ఒకటి” అని చెప్పాడంటే మీకు మొత్తం లెక్క దొరికినట్టే. రోజుకు రెండు ట్యాంకర్ల చొప్పున నెలకయ్యే ఖర్చును ఫ్లాట్ల సంఖ్యతో భాగించి, ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా నెల నెలా మీ వాటా ఎంతో వేసుకోండి. అసోసియేషన్ వాళ్లను పోయిన ఏడాది మెయింటెనెన్స్ లెక్కల పుస్తకం చూపించమనండి. ట్యాంకర్ల ఖర్చు అందులో విడిగా రాసి ఉంటుంది. పుస్తకం చూపించడానికి ఇష్టపడకపోతే దాన్ని కూడా జవాబుగానే తీసుకోండి. కొత్త ఇల్లయితే బోరు ఎన్ని అడుగులు వేశారు, ఇంకుడు గుంత తవ్వారా, పక్కింటి బోరు పరిస్థితి ఏమిటో అడగండి.

వాన పడితే

2020 అక్టోబర్ వానలకు చెరువుల కింద ఉన్న ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ ఏడాది ఈ వీధిలోకి నీళ్లొచ్చాయా అని పక్కింటి వాళ్లను అడగండి. అడగకుండానే గోడలు కూడా చెబుతాయి. కాంపౌండ్ గోడకు కింది రెండడుగులకే కొత్త రంగు వేసి ఉందా? కరెంటు మీటర్లు మామూలు కంటే ఎత్తుకు మార్చారా? సెల్లార్ మెట్ల ముందు సిమెంటుతో చిన్న గట్టు కట్టారా? ఇవన్నీ కనిపిస్తే, ఓనర్ “నీళ్లు ఎప్పుడూ రాలేదు” అన్నా నమ్మకండి.

చెరువు వ్యూ అంటే ముచ్చటగానే ఉంటుంది. కానీ ఎఫ్‌టీఎల్ లోపల, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు లోపల, కట్టడాలకు అనుమతి ఉండదు. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి మరో 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా, అంటే ఏమీ కట్టకుండా, వదలాలి. చెరువుల మ్యాపులు హెచ్ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. సర్వే నంబరు పట్టుకుని చూసుకోండి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక చెరువుల్లో కట్టిన ఇళ్ల కూల్చివేతలు అందరం చూశాం. మున్సిపల్ పర్మిషన్ కాగితం చేతిలో ఉంది కదా, బ్యాంకు లోన్ ఇచ్చింది కదా అని ధీమాగా ఉండకండి.

పక్కనున్న ఖాళీ జాగా ఏమవుతుంది?

ప్రశాంతత కోసం కొనేవాళ్లు తప్పక వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. ఇవాళ బాల్కనీ ముందు కనిపించే ఖాళీ స్థలం ఎవరిదో కనుక్కోండి. హెచ్ఎండీఏ 2031 మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో, దాని మీదుగా కొత్త రోడ్డు గీశారో లేదో చూడండి. వంద అడుగుల రోడ్డు ఇంటిని ఆనుకుని వస్తే రేటు పెరుగుతుందేమో గానీ నిద్ర పోతుంది.

ఇంకో సంగతి. హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు. ఎంత ఎత్తు కట్టొచ్చన్నది స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీని (సెట్‌బ్యాక్) బట్టి ఉంటుంది. వెడల్పాటి రోడ్డు మీద ఎకరాల కొద్దీ ఖాళీ జాగా ఉంటే అక్కడ ముప్పై అంతస్తులు లేవొచ్చు. ముప్పై అడుగుల లోపలి వీధిలో చిన్న చిన్న ప్లాట్లే ఉంటే ఆ భయం చాలావరకు ఉండదు. ఇల్లు అమ్ముడు పోవడానికి మెయిన్ రోడ్డు మంచిదే. కాపురం ఉండటానికైతే నా ఓటు లోపలి వీధికే.

డబ్బు లెక్క

80 లక్షల ఫ్లాట్ అనుకుందాం. బ్యాంకు గరిష్ఠంగా 80 శాతం, అంటే 64 లక్షల దాకా ఇవ్వొచ్చు. మిగతా 16 లక్షలు మనవి. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. ఇంత విలువున్న ఇల్లు ఇంకా కడుతున్న దశలో కొంటే 5 శాతం జీఎస్టీ, మరో 4 లక్షలు. ఓసీ (ఇల్లు పూర్తయింది, ఇక కాపురం ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్) వచ్చిన ఇంటికి జీఎస్టీ లేదు. చెక్క పని, కార్పస్ ఫండ్ (అసోసియేషన్ పెద్ద ఖర్చుల కోసం అందరి దగ్గరా ముందే తీసుకునే నిధి), షిఫ్టింగ్ వీటికి అదనం. అంటే చేతిలో పాతిక లక్షలు లేకుండా 80 లక్షల ఇల్లు చూడటం టెన్షన్ కొనుక్కోవడమే. 60 లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు వేస్తే ఈఎంఐ 52 వేలు దాటుతుంది. ఇద్దరి జీతాల్లో ఒకటి ఆగినా కట్టగలమా అని చూసుకోండి.

ధర అడిగేటప్పుడు ఎస్‌ఎఫ్‌టీ రేటుతో పాటు కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే చోటు) ఎంత, యూడీఎస్ (మొత్తం స్థలంలో మీ వాటా) ఎన్ని గజాలు అని అడగండి. బిల్డింగ్ పాతబడ్డాక మీకు మిగిలే విలువ ఆ గజాలదే.

కాగితాలు

కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల కొనుగోలు పత్రాలు), మంజూరైన ప్లాన్, ఓసీ, ప్రాపర్టీ టాక్స్ రసీదులు తీసుకుని మీరు పెట్టుకున్న లాయర్‌కి చూపించండి. బిల్డర్ చూపించిన లాయర్ వద్దు. ఆ సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో లేదని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అసైన్డ్ (ప్రభుత్వం పేదలకిచ్చిన), వక్ఫ్, దేవాదాయ భూముల మీద ఇళ్లు కొని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగే కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. ఓపెన్ ప్లాటయితే లేఅవుట్‌కు హెచ్ఎండీఏ అనుమతి ఉందా, లేకపోతే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ క్రమబద్ధీకరణ) పూర్తయిందా అన్నది ముఖ్యం.

ఇళ్ల ప్రాజెక్టులు నమోదు చేసుకుని కొనేవాళ్ల తరఫున చూసే సంస్థ రెరా గురించి ఒక మాట జాగ్రత్తగా వినండి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు మించకపోయినా, ఫ్లాట్లు 8 దాటకపోయినా ఆ ప్రాజెక్టును రెరాలో నమోదు చేయాల్సిన పని లేదు. నెమ్మదైన పాత కాలనీల్లో మనకు దొరికే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇవే. అక్కడ మీ కోసం చూసేవాళ్లు ఎవరూ ఉండరు. మంజూరైన ప్లాన్ చేత్తో పట్టుకుని మెట్లెక్కుతూ అంతస్తులు లెక్కపెట్టండి. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ ఎంత చవకగా ఇస్తామన్నా వద్దు. రెరాలో నమోదైన ప్రాజెక్టయితే, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ఇల్లు అప్పగించాక ఐదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే తన ఖర్చుతో బాగుచేయాలి. రెరా నంబరు రాకముందే “ప్రీలాంచ్ ఆఫర్” అంటూ మొత్తం డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

అడ్వాన్స్ నుంచి తాళం దాకా

అగ్రిమెంట్‌లో పార్కింగ్ నంబరు, అప్పగించే తేదీ, ఆలస్యమైతే బిల్డర్ కట్టే సొమ్ము రాయించండి. ఇంటి ధర 50 లక్షలు, అంతకంటే ఎక్కువైతే అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్ (ముందే పట్టే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాల్సింది కొనేవాళ్లే. పాత ఇల్లయితే అమ్మేవాళ్లకు లోన్ ఏమైనా ఉందా అని కనుక్కోండి, మెయింటెనెన్స్ బాకీ లేదని అసోసియేషన్ నుంచి లేఖ తీసుకోండి.

రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే ప్రాపర్టీ టాక్స్, కరెంటు, వాటర్ కనెక్షన్ పేర్లు మారాయో లేదో చూసుకోండి. మారకపోతే అప్పుడే దరఖాస్తు పెట్టండి. ఏళ్లు గడిచాక పాత ఓనర్‌ని వెతికి సంతకం పెట్టించుకోవడం చాలా కష్టం. అసోసియేషన్‌లో సభ్యత్వం కూడా అదే వారంలో తీసుకుని, కార్పస్ ఫండ్ ఎవరి పేరు మీద ఏ బ్యాంకులో ఉందో మొదటి మీటింగ్‌లోనే అడగండి.