ట్యూనింగ్ చేసిన సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు ఎలా చూసుకోవాలి?

"అన్నా, స్టార్ట్ చేసి చూశాను, ఇంజిన్ స్మూత్‌గా ఉంది. అడ్వాన్స్ ఇచ్చేయనా?" నెలకోసారైనా ఇలాంటి ఫోన్ వస్తుంది. రీమ్యాప్ చేసిన బండి, అంటే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) ప్రోగ్రాం మార్చిన బండి, నిలబెట్టి స్టార్ట్ చేస్తే స్మూత్‌గానే ఉంటుంది. ట్యూనర్ ఐడిల్ జోలికి దాదాపు పోడు. యాక్సిలరేటర్ అదిమినప్పుడు ఎంత డీజిల్ పోయాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి (దీన్నే బూస్ట్ అంటారు) అన్నవే మారుస్తాడు. నాలుగైదేళ్లు అలా నడిచిన బండిలో అరుగుదల ఉంటే అది బయటపడేది కూడా లోడ్ మీదే.

ఇదంతా టర్బో కార్ల గురించి. టర్బో లేని పెట్రోల్ కారుకు రీమ్యాప్ చేయిస్తే పికప్‌లో వచ్చే తేడా ఏపాటిది? దానికి డబ్బు తగలేసినవాళ్ల మీద జాలిపడటం తప్ప నేను చెప్పేదేమీ లేదు.

కావలసినవి

ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ రీడింగుల్ని ఫోన్‌కి పంపేది), ఫోన్‌లో లాగ్ రికార్డు చేసే యాప్ (టార్క్ గానీ కార్ స్కానర్ గానీ), టార్చిలైటు, పక్కన కూర్చోవడానికి ఒక మనిషి. మూడొందలకు దొరికే నీలం రంగు అడాప్టర్ మాత్రం కొనొద్దు. రీడింగులు నత్తనడకన వస్తాయి. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బండ్లయితే ల్యాప్‌టాప్‌లో వీసీడీఎస్ (ఆ బండ్ల కోసమే ఉన్న స్కానింగ్ సాఫ్ట్‌వేర్) ఉన్నవాళ్లని బతిమాలైనా వెంట తీసుకెళ్లండి. ఇంజిన్ అడిగిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

1. బానెట్ కింద ఐదు నిమిషాలు

టర్బో పైపుల జాయింట్ల దగ్గర టార్చి వేయండి. పల్చటి ఆయిల్ తడి మామూలే, కారుతుంటే కాదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి చూడండి. పొగ బుసబుసమని తన్నుకొస్తే ఇక ముందుకెళ్లక్కర్లేదు.

డీజిల్ కారులో ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే పైపు) చివర ప్రెషర్ సెన్సర్ ఉంటుంది. దాని కనెక్టర్‌ని దగ్గరగా చూడండి. చుట్టూ ఏళ్ల దుమ్ము పేరుకుని, ఆ ఒక్క ప్లగ్గు మీద మాత్రం వేలిముద్రలుండి, లాక్ క్లిప్పు విరిగి ఉంటే అక్కడ ఒకప్పుడు ట్యూనింగ్ బాక్సు తగిలించారన్నమాట. రీమ్యాప్ కన్నా నాకు ఈ బాక్సులంటేనే ఎక్కువ భయం. రైలులో ప్రెషర్ తక్కువగా ఉందని ఈసీయూకి అబద్ధం చెబుతాయి, పాపం అది నమ్మి ప్రెషర్ పెంచుతుంది. అసలు ప్రెషర్ ఎంతో దానికి తెలియదు, మీ యాప్‌కీ తెలియదు.

2. కోడ్‌లు

ఎర్రర్ కోడ్‌లు లేవంటే సంబరపడకండి. కోడ్‌లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లు విడిగా లెక్కపెట్టుకుంటాయి. అక్కడ 12 కిలోమీటర్లని కనిపిస్తే మీరు వస్తున్నారని పొద్దున్నే చెరిపారన్నమాట.

"రీమ్యాప్ తీసేసి స్టాక్‌కి మార్చేశాం" అనేవాళ్లు ఇంకో రకం. మంచిదే, కానీ పాత ఫైలు మళ్లీ ఎక్కించినంత మాత్రాన అరిగిన క్లచ్ ప్లేటు కొత్తదైపోదు. కింద చెప్పే పరీక్ష ఆ బండికీ చేయాల్సిందే.

3. లోడ్ మీద పరుగు

అందరూ పాడుచేసేది ఇక్కడే, అందుకే నిదానంగా చెబుతాను.

ముందు ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి. కూలెంట్ 90 డిగ్రీలు చూపించగానే వేడెక్కిపోయిందనుకోవద్దు, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైం పడుతుంది. ఏసీ వేసుకుని ఇరవై నిమిషాలు మామూలుగా నడపండి. ఒకసారి మా బావమరిది కోసం 1.5 లీటర్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి చూడ్డానికి పొద్దున ఏడింటికే వెళ్లాను. అమ్మేవాడికి తొందర, నాకు ఆఫీసు టైం. సగం చల్లగా ఉన్న బండితోనే ఒక్క పరుగు తీసి బాగుందనేశాను. మరుసటి వారం ఇంటిల్లిపాదితో వికారాబాద్ అనంతగిరి కొండ ఎక్కుతుంటే ఇంజిన్ అరుపు పెరుగుతోంది, బండి మాత్రం కదలదు. క్లచ్ సెట్టు, ఫ్లైవీల్ రెండూ మార్చాల్సి వచ్చింది. మా ఇంట్లో ఇప్పటికీ కారు మాటెత్తితే నా వంక చూస్తారు.

బయల్దేరే ముందు ఇంజిన్ ఆపి, కీ మాత్రం ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ రీడింగు చూడండి. ఈ మ్యాప్ వేరు, రీమ్యాప్‌లో మ్యాప్ వేరు. ఇది ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి చెప్పే సెన్సర్. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఊరి గాలి ఒత్తిడే చూపించాలి: విజయవాడలో 100 కిలోపాస్కల్‌కు అటూఇటూ, హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కాబట్టి 95 దగ్గర. ఇక్కడే తేడా కొడితే తర్వాత వచ్చే బూస్ట్ అంకెలన్నీ వృథా.

రోడ్డు ఖాళీగా, కొంచెం ఎగువగా ఉండాలి. గేరు మూడు, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో మూడు. మూడే ఎందుకంటే, చిన్న డీజిల్ కార్లు అందులో 3,500 ఆర్‌పీఎం దాకా వెళ్లినా వందలోపే ఉంటాయి. అక్కడి స్పీడ్ లిమిట్ అంతకన్నా తక్కువైతే ఇంకో రోడ్డు వెతుక్కోండి. నడిపేవాళ్ల చూపు రోడ్డు మీదే ఉండాలి, లాగ్ రికార్డు చేస్తున్న ఫోన్ పక్కవాళ్ల చేతిలో ఉండాలి. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమన్నా, టకటకమని శబ్దం వచ్చినా, కూలెంట్ 105 దాటినా వెంటనే కాలు తీసేయండి.

డీజిల్ అయితే 1,500 దగ్గర నిలకడగా పట్టుకుని, రెండు సెకన్లలో మెల్లగా పెడల్‌ని నేల దాకా అదిమి, 3,500 వచ్చేదాకా ఉంచి వదలండి. టర్బో పెట్రోల్‌కి ఈ పద్ధతి వద్దు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో, తక్కువ ఆర్‌పీఎం దగ్గర ఫుల్ లోడ్ వేస్తే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదముంది. ఎల్‌ఎస్‌పీఐ అంటారు. బూస్ట్ పెంచిన ఇంజిన్‌లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. గట్టిగా ఒక్కసారి జరిగినా పిస్టన్‌లో రింగుల మధ్య గట్టు విరగొచ్చు. కాబట్టి పెట్రోల్‌ని 2,500 నుంచి మొదలుపెట్టండి. పనిలో పనిగా ఏ ఆయిల్ పోస్తున్నారో అడగండి. ఎల్‌ఎస్‌పీఐని తగ్గించే ఏపీఐ ఎస్‌పీ గానీ అంతకన్నా కొత్త గ్రేడు గానీ కాదంటే, లేదా "షెడ్డులో ఏదుంటే అదే" అంటే ధర తగ్గించమనడానికి నాకు ఆ ఒక్క మాట చాలు.

ఇదంతా మూడుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాలు మామూలుగా నడుపుతూ. మొదటి పరుగు ఏ బండిలోనైనా బాగానే ఉంటుంది. మూడోసారికి ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) వేడెక్కి అసలు సంగతి బయటికొస్తుంది. ఆ తర్వాత ఐదో గేరులో 2,000 దగ్గర నుంచి ఎగువలో ఒక్కసారి అదమండి. అది క్లచ్ కోసం.

4. లాగ్ చదవడం

ఆర్‌పీఎంని వేగంతో భాగించండి. ఒకే గేరులో ఆ లెక్క మారకూడదు. 2,000 దగ్గర 48 కిలోమీటర్ల వేగం ఉంటే 3,000 దగ్గర 72 ఉండాలి. 69 చూపిస్తే క్లచ్ జారుతోందన్నమాట. ఒక కిలోమీటరు తేడా పట్టించుకోకండి, యాప్ రౌండ్ చేసి చూపిస్తుంది.

బూస్ట్ గీత ఎక్కి, నిలిచి, మెల్లగా దిగాలి. రంపం పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటే టర్బోలోని వేన్లు మసి పట్టి ఇరుక్కుంటున్నాయేమోనని అనుమానించండి. తక్కువ ఆర్‌పీఎంలో డీజిల్ ఎక్కువ పోసే మ్యాపులు చివరికి తెచ్చేది ఈ మసినే. బీఎస్6 బండిలో అదే మసి డీపీఎఫ్‌ని, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ని, తొందరగా నింపుతుంది. వెనక నల్లపొగ చూసి "పవర్ బ్రో" అని మురిసిపోయేవాళ్లకి ఆ పొగ సగం కాలిన డీజిలేనని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

పెట్రోల్‌లో ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎంత ముందుగా వస్తోందో) చూడండి. అదే ఆర్‌పీఎం దగ్గర మొదటి పరుగు కన్నా మూడో పరుగులో బాగా పడిపోతే ఇంజిన్ నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి టకటకలాడటం) తప్పించుకోవడానికి వెనక్కి తగ్గుతోందన్నమాట. ప్రీమియం పెట్రోల్‌కి రాసిన మ్యాప్‌లో మామూలు పెట్రోల్ పోసి తిప్పారేమో అడగండి.

"డైనో షీటు ఉంది కదా" అంటారు, అంటే పవర్ కొలిచే మెషీన్ ఇచ్చిన రిపోర్టు. ఫ్రేము కట్టించుకోవడానికి బాగుంటుంది. ముందు ఫ్యాన్ పెట్టి రోలర్ల మీద తీసిన రెండు మూడు పరుగులు ఆ రోజు ఎంత పవర్ వచ్చిందో చెబుతాయి. ఆ తర్వాత 60 వేల కిలోమీటర్లు ఎలా నడిపారో చెప్పవు.

5. గేర్‌బాక్స్, కాగితాలు

స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌లలో వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీఎస్‌జీ, అంటే డీక్యూ200, గరిష్ఠంగా 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కి తయారైంది. వర్టస్, స్లావియాల్లోని 1.5 టీఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్ కంపెనీ నుంచే సరిగ్గా 250తో వస్తుంది. అంటే ట్యూనర్ కలిపిందంతా గేర్‌బాక్స్ ఖాతాలోకే. మొదటి, రెండో గేర్లలో ట్రాఫిక్‌లో పాకిస్తే వణుకు తెలిసిపోతుంది.

రీమ్యాప్ సంగతి ఇన్సూరెన్స్‌కి చెప్పారా అని అడగండి. చెప్పకుండా దాస్తే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

అమ్మేవాడు రెండో పరుగు తర్వాత "ఇక చాలు బ్రదర్, బండి పాడవుతుంది" అంటే వాదించకండి. అడాప్టర్ పీకి జేబులో వేసుకుని, టీ తాగి వచ్చేయండి.