మా చిన్నోడి ఇన్‌హేలర్: తప్పులు చేసి నేర్చుకున్నది

మా వాడికి నాలుగేళ్లు. మొదటి నెలంతా వాడు ఏడుస్తుంటేనే ఇన్‌హేలర్ కొట్టేసేదాన్ని. ఏడుపులో మందు ఊపిరితిత్తుల్లోకి సరిగా చేరదని తర్వాత తెలిసింది. ఇప్పుడు ముందు బొమ్మ ఏనుగుకి మాస్కు పెడతాం, ఆ తర్వాతే వాడికి.

ఇన్‌హేలర్‌ని బాగా కుదిపి స్పేసర్‌కి (మాస్కు ఉన్న ప్లాస్టిక్ గొట్టానికి) తగిలించండి. మాస్కు ముక్కునీ నోటినీ కప్పేలా, సందు లేకుండా ఆనించాలి. ఒక్కసారి నొక్కి, మామూలుగా 5-6 సార్లు ఊపిరి తీయనివ్వండి. స్పేసర్‌లోని వాల్వు (ఊపిరితో కదిలే చిన్న మూత) కదలికను చూసి లెక్కపెట్టొచ్చు. రెండో పఫ్ ఉంటే అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి ఇవ్వండి. రెండూ ఒకేసారి కొట్టకండి (నేను కొట్టేదాన్ని!).

బ్యూడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ రోజువారీ మందు. దగ్గు తగ్గిందని మీరే మానేయకండి. వేశాక నోరు పుక్కిలింపజేసి, మొహం తుడవండి. సాల్బ్యుటమాల్ ఆయాసం వచ్చినప్పటికి. అది మాటిమాటికీ కావాల్సొస్తే డాక్టర్‌కి చెప్పాల్సిందే.

స్పేసర్‌ని సబ్బునీళ్లలో కడిగి, తుడవకుండా ఆరనివ్వండి. గుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకే అతుక్కుంటుంది.

డొక్కలు ఎగరేస్తున్నా, మాట రాకున్నా, పెదాలు నీలంగా మారినా సాల్బ్యుటమాల్ ఇస్తూనే ఆసుపత్రికి పరుగెత్తండి.