బ్రాడ్‌బ్యాండ్ గ్రాఫ్‌లో ఖాళీలు: తేడా లైన్‌లోనా, కొలిచే పెట్టెలోనా?

రాస్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, కింద 'పై' అంటే ఇదే) మీద స్మోక్‌పింగ్ (పింగ్‌లనే చిన్న పలకరింపులు పంపి, జవాబుకి పట్టిన సమయాన్ని గ్రాఫ్‌గా గీసే సాఫ్ట్‌వేర్) పెట్టి ఇంటి ఫైబర్ లైన్‌ని గమనించేటప్పుడు గ్రాఫ్‌లో తెల్లటి ఖాళీ రెండు కారణాలతో వస్తుంది. పై ఆగిపోయి అసలు కొలవకపోతే ఖాళీ. కొలిచినా పంపిన పింగ్‌లలో ఒక్కటీ తిరిగి రాకపోతే, గీయడానికి సమయమే ఉండదు కాబట్టి అప్పుడూ ఖాళీయే. ఈ రెండిటినీ విడదీయకుండా కంప్లైంట్ పెడితే లైన్‌మ్యాన్ వచ్చి, "మా వైపు అంతా బాగానే ఉందండీ" అని వెళ్లిపోతాడు.

విడదీయడానికి నాలుగు టార్గెట్లు (పింగ్ పంపే అడ్రస్‌లు) పెట్టండి. మొదటిది 127.0.0.1, అంటే పై తనను తానే పలకరించుకోవడం. రెండోది రౌటర్, చాలా ఇళ్లలో 192.168.1.1. మూడోది ట్రేస్‌రూట్‌లో (దారిలో తగిలే పరికరాలని వరసగా చూపే కమాండ్) రౌటర్ తర్వాత జవాబిచ్చే మొదటి అడ్రస్. నాలుగోది బయట 1.1.1.1 లేదా 8.8.8.8. పేర్లు కాకుండా అంకెలే ఇవ్వండి, లేకపోతే డీఎన్‌ఎస్ (పేర్లని అంకెల అడ్రస్‌లుగా మార్చే సేవ) తడబాటు కూడా లైన్ ఖాతాలో పడుతుంది. మొదటి గ్రాఫే ఖాళీగా ఉంటే పై ఆగింది. అది బాగుండి రౌటర్ నుంచి ఖాళీ మొదలైతే రౌటర్ గానీ మధ్య కేబుల్ గానీ ఆగింది. రౌటర్ దాకా గీత నడిచి ఆపైన రెండూ తెగితే, అప్పుడు ఆపరేటర్‌కి ఫోన్ చేయండి. మూడోదానిలో మాత్రమే నష్టం కనిపించి నాలుగోది శుభ్రంగా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఆపరేటర్ పరికరాలు తమకొచ్చే పింగ్‌లకి జవాబులు తగ్గించుకుంటాయే తప్ప మీ ట్రాఫిక్‌ని ఆపవు.

పైని వైఫై మీద నడపకండి, లాన్ కేబుల్ వేయండి. వైఫైలో కొలిస్తే పక్కింటి రౌటర్ రద్దీ కూడా మీ లైన్ రీడింగ్‌లో కలుస్తుంది.

పై ఆగిందని తేలితే ముందు అనుమానించాల్సింది కరెంటుని. విజయవాడ సత్యనారాయణపురంలోనో పటమటలోనో సాయంత్రం గాలివానకి కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకుంటుంది, కానీ మారే ఆ క్షణంలో పై రీబూట్ కావచ్చు. ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి. ఇంకో చిక్కుంది. పై 4 వరకు ఏ మోడల్‌లోనూ బ్యాటరీ గడియారం లేదు. కరెంటు వచ్చాక పాత టైముతో లేస్తుంది, నెట్ అందాకే సరిచేసుకుంటుంది. చివరి ఎంట్రీ కన్నా వెనకటి టైముతో వచ్చిన రీడింగ్‌ని డేటాబేస్ తీసుకోదు. అందుకే పది నిమిషాల కోత గ్రాఫ్‌లో ఇంకా పొడుగ్గా కనిపిస్తుంది. డీఎస్3231 గడియారం మాడ్యూల్, దానికి తగిన బటన్ సెల్ వేస్తే ఇది తీరుతుంది. గ్రాఫ్ మొత్తం అయిదున్నర గంటలు వెనక ఉంటే మాత్రం టైమ్‌జోన్‌ని ఏషియా/కోల్‌కతాకి మార్చడమే పని.

రీడింగ్‌ని ఎంతవరకు నమ్మాలి? స్మోక్‌పింగ్ డిఫాల్ట్‌గా 300 సెకన్లకోసారి 20 పింగ్‌లు పంపుతుంది. ఒక్కటి పోతే 5 శాతం నష్టమని చూపిస్తుంది, దానికి కంగారు పడకండి. అసలు లోపం వేరే ఉంది. ఆ 20 పింగ్‌లు అర నిమిషంలోపే అయిపోతాయి, మిగతా నాలుగు నిమిషాల పైచిలుకు ఎవరూ చూడరు. నిమిషం పాటు లైన్ పోయి వచ్చినా గ్రాఫ్ నున్నగానే ఉండొచ్చు. స్టెప్‌ని (ఎన్ని సెకన్లకోసారి కొలవాలో చెప్పే సెట్టింగ్) 60 సెకన్లకి తగ్గించండి. పాత ఆర్‌ఆర్‌డీ ఫైళ్లు (రీడింగ్‌లు దాచుకునేవి) కొత్త లెక్కకి సరిపడవు కాబట్టి వాటిని పక్కకి తీసి సర్వీస్‌ని రీస్టార్ట్ చేయాలి.

బయటి సర్వర్ నుంచి మీ ఇంటికి పింగ్ కొట్టే సేవ వాడుతుంటే రౌటర్‌లో వ్యాన్ అడ్రస్ (ఆపరేటర్ రౌటర్‌కి ఇచ్చేది) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్లకి పంచే ఏర్పాటు) వెనక ఉన్నారు, ఆ పింగ్‌లు మీదాకా రావు. అనుమానముంటే రౌటర్‌ని పది నిమిషాలు ఆపేయండి. గ్రాఫ్ చలించకపోతే అది కొలుస్తున్నది మీ ఇంటిని కాదు.

రోజూ రాత్రి ఒకే వేళకి పింగ్ పెరుగుతుంటే ఇంట్లో ఫోన్లు ఫొటోలు అప్‌లోడ్ చేస్తున్నాయేమో ముందు చూడండి. అప్‌లోడ్ నిండితే పింగ్‌లు వరసలో నిలబడతాయి. బ్యాకప్‌ని ఒక రాత్రి ఆపి పోల్చండి.

లైన్ తప్పేనని తేలితే ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే పెట్టె) పేజీలో ఆర్‌ఎక్స్ పవర్, అంటే దానికి అందే వెలుగు బలం, రాసుకోండి. సాధారణ జీపాన్ (ఇళ్లకి ఫైబర్ నెట్ ఇచ్చే ఒక పద్ధతి) లైన్‌లో అది -8 నుంచి -27 డీబీఎం మధ్య ఉండాలి. -25 దాటి కిందికి జారితే చెప్పి బాగుచేయించుకోవడం మంచిది. నిన్నటికన్నా 3 డీబీ తగ్గిందంటే వెలుగు సగం పోయినట్టు: స్తంభం మీద వైరు మడత పడి ఉండొచ్చు, లేదా ఆకుపచ్చ కనెక్టర్‌కి దుమ్ము పట్టి ఉండొచ్చు. దాన్ని చొక్కా అంచుతో తుడవకండి, లోపలికి కన్ను పెట్టి చూడకండి. ఆ పని లైన్‌మ్యాన్‌కి వదిలేసి, పాత అంకె, కొత్త అంకె, తేదీతో సహా అతనికి చూపించండి.