దుకాణం మీద తప్పుడు ఆన్‌లైన్ రివ్యూ వస్తే ఏం చేయాలి?

రాత్రి పదిన్నరకు మెస్ కట్టేసి, గిన్నెలు కడిగించి, మా పిన్ని ఫోను చూసుకుంది. గూగుల్ మ్యాప్స్‌లో కొత్త రివ్యూ, ఒక్క స్టారు. “చికెన్ బిర్యానీ వాసన వస్తోంది. ఎవరూ వెళ్లకండి.” కాకినాడలో ఆమె నడిపేది శాకాహార మెస్. పదకొండేళ్లలో ఆ వంటింట్లోకి కోడిగుడ్డు కూడా రాలేదు. “తినకుండానే నా పొట్ట కొట్టాడు” అని ఆ రాత్రంతా బాధపడింది.

చిన్న వ్యాపారులకు రివ్యూ సైట్ల మీద నమ్మకం లేదంటే తప్పు వారిది కాదు. రాసేవారు బిల్లు చూపించనక్కర్లేదు, సంజాయిషీ మాత్రం మనం ఇచ్చుకోవాలి. అమెరికాలో కొందరు వ్యాపారులు యెల్ప్ అనే రివ్యూ సైటు మీద కోర్టుకే వెళ్లారు. ప్రకటనలు కొననివారి రేటింగులను ఆ సంస్థ తారుమారు చేస్తోందన్నది వారి ఆరోపణ. 2014లో అప్పీళ్ల కోర్టులోనూ వారికి చుక్కెదురైంది. సైటు స్వభావాన్ని మనం మార్చలేం. మన చేతిలో ఉన్న పనులు మాత్రం కొన్ని ఉన్నాయి. మూడేళ్లుగా పిన్ని మెస్ రివ్యూలు నేనే చూస్తున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

1. ఆ రాత్రే జవాబు రాయకండి

కోపంలో రాసిన మాటను పదిమంది చూస్తారు. ముందు స్క్రీన్‌షాట్ తీయండి. పేరు, తేదీ, స్టార్లు అన్నీ కనిపించాలి. తెల్లవారాక బిల్లు పుస్తకం, యూపీఐ చెల్లింపులు తిరగేసి, ఆ రోజుల్లో అలాంటి గొడవ ఏదైనా జరిగిందా అని పనివాళ్లను అడగండి. రాసినవారి పేరు మీద నొక్కితే వారి ఇతర రివ్యూలు కనబడవచ్చు. ఒకే రోజు మూడు రాష్ట్రాల్లోని దుకాణాలను తిట్టి ఉంటే సంగతి మీకే అర్థమవుతుంది.

2. పేజీ మీ పేరున ఉందా?

చాలా దుకాణాల గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్స్‌లో దుకాణం వివరాలు కనిపించే పేజీ) ఎప్పుడో బోర్డు చేయించిన కుర్రాడి మెయిల్‌తో తెరిచి ఉంటుంది. అలా అయితే యాజమాన్య హక్కు కోసం గూగుల్‌లోనే అభ్యర్థన పెట్టండి. ఇప్పుడు ఆ ప్రొఫైల్ ఎవరి దగ్గర ఉందో వారికి 3 రోజుల గడువు ఇస్తారు. ఈ ప్రొఫైల్‌కు రుసుమేమీ లేదు. “గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ దుకాణం మ్యాప్‌లో కనిపించదు” అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఓటీపీ అసలే చెప్పకండి.

3. అబద్ధాన్నీ చేదు నిజాన్నీ వేరు చేయండి

అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. బిర్యానీ రివ్యూ వచ్చిన వారంలోనే ఇంకొకటి వచ్చింది. రెండు స్టార్లు. “సాంబారు చల్లగా ఉంది. చిల్లర అడిగితే విసుక్కున్నారు.” దాన్నీ తీయించమని పిన్ని పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు. మర్నాడు రెండున్నరకు వెళ్లి కూర్చున్నాను. పొయ్యి కట్టేసి అప్పటికే గంట అయింది, నా విస్తరిలో పడిన సాంబారు నిజంగానే చల్లారిపోయింది. కౌంటర్‌లో పది రూపాయల నోట్లు లేక బాబాయి ప్రతి ఒక్కరితో చిరాకు పడుతున్నాడు. ఆ రోజు నుంచి చిన్న స్టవ్ ఒకటి సాంబారుకే కేటాయించాం. పొద్దున్నే చిల్లర తెచ్చి పెట్టుకుంటున్నాం. ఆ రెండు స్టార్లు ఇచ్చినాయన మాకు మేలే చేశాడు.

4. అబద్ధమైతే రిపోర్ట్ చేయండి

రివ్యూ పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కితే రిపోర్ట్ చేసే వీలుంటుంది. కారణం సరిగ్గా ఎంచుకోండి. మనకు నచ్చలేదన్న కారణంతో గూగుల్ ఏ రివ్యూనూ తీయదు. నకిలీది, సంబంధం లేనిది, బూతులున్నది, పోటీదారు రాసినది అయితే తీసే అవకాశం ఉంది. నిర్ణయానికి కొన్ని రోజులు పడుతుంది. కాదంటే ఒక్కసారి అప్పీలు చేసుకోవచ్చు. మా మొదటి రిపోర్టును తిరస్కరించారు. ఇది పూర్తి శాకాహార మెస్ అని అప్పీలులో వివరంగా రాశాక బిర్యానీ రివ్యూ పోయింది.

5. జవాబు తర్వాతి గిరాకీ కోసం రాయండి

మీ జవాబును అసలు చదివేది రేపు మీ గుమ్మం తొక్కబోయే కొత్తవారు. రివ్యూ పోయేదాకా దాని కింద ఇలా ఉంచాం: “నమస్కారం. మాది శాకాహార మెస్. చికెన్ బిర్యానీ ఎన్నడూ వండలేదు. వేరే హోటల్ అనుకొని ఇక్కడ రాసి ఉండవచ్చు, దయచేసి ఒకసారి సరిచూడగలరు.” సాంబారు ఆయనకు ఇలా రాశాం: “మీరు చెప్పింది నిజమేనండీ. ఇప్పుడు ఆఖరున వచ్చినవారికీ వేడిగానే వడ్డిస్తున్నాం. చిల్లర విషయంలో విసుక్కున్నందుకు మన్నించండి. మరోసారి భోజనానికి రండి.” కస్టమర్ ఫోన్ నంబరు, బిల్లు వివరాలు జవాబులో ఎప్పుడూ పెట్టకండి.

6. డబ్బు అడిగితే లొంగవద్దు

“ఐదు వేలు పంపండి, లేకపోతే ఇంకో ఇరవై రివ్యూలు పెడతాం” అంటే అది బెదిరించి డబ్బు గుంజడం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద నేరం. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. సందేశాలు చెరిపేయకుండా స్థానిక పోలీసులకు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఇప్పటికే డబ్బు పంపి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

7. నిజంగా తిన్నవారినే అడగండి

రివ్యూలు అమ్మేవారు మీకూ తగులుతారు. వారి జోలికి పోకండి. ఆన్‌లైన్ రివ్యూల కోసం భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. కొనుక్కున్న రివ్యూలు కూడదని అందులో ఉంది. పాటించడం సైట్ల ఇష్టానికే వదిలారు, కానీ మాట సరైనది. రివ్యూ రాస్తే స్వీటు ఉచితమనడం కూడా గూగుల్ నియమాలకు విరుద్ధం.

ప్రొఫైల్‌లోనే రివ్యూ లింకు, క్యూఆర్ కోడ్ దొరుకుతాయి. పిన్ని దాన్ని అచ్చు వేయించి, కౌంటర్ మీద సోంపు గిన్నె పక్కన నిలబెట్టింది. సంతోషంగా వెళ్లేవారినే కాదు, ముఖం చిట్లించుకున్నవారినీ అడుగుతుంది. “ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయండి బాబూ” అంటుంది. మొన్న ఒకాయన అక్కడే నిలబడి, పప్పులో ఉప్పు ఎక్కువైందని రాసి వెళ్లాడు. ఆయన చెప్పులు వేసుకునేలోపే పిన్ని వంటింట్లోకి వెళ్లి పప్పు రుచి చూసింది.